పేరు చెక్కని బిళ్ళలు

పద్మలత గొంతు మామూలుగా మెత్తనిదే. ఇంట్లో భర్త యాదయ్యను పిలిస్తే పక్క గదిలోకి కూడా వినపడదు. కానీ ఫ్యాక్టరీలో పనిముట్లు ఇచ్చే టూల్ రూమ్ కిటికీలోంచి తల బయటపెట్టి "పనిముట్టు తక్కువున్నది! ఎవ్వరు కదలొద్దు!" అని ఒక్క కేక వేసిందంటే మాత్రం షెడ్డు షెడ్డంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోవాల్సిందే. మిషన్లు ఆగుతాయి. క్యాంటీన్ వైపు అడుగు వేసినవాడు ఆ అడుగు వెనక్కి తీసుకుంటాడు. పరాయి దేశం నుంచి తనిఖీకి వచ్చిన తెల్లదొర కూడా ఒకసారి చేతిలో కాఫీ కప్పుతో అలాగే కొయ్యబారి నిలబడ్డాడు. ఆ రోజు ఆడవాళ్ళంతా మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు.

మేడ్చల్ దాటాక హైవే మీంచి లోపలికి తిరిగితే వస్తుంది ఆ కంపెనీ. విమానం రెక్క వెనుక అంచున తలుపులా లేచి దిగే ఫ్లాపులను అక్కడ బిగించి, మూసి, చెక్కపెట్టెల్లో పెట్టి విదేశాలకు పంపిస్తారు. మూసిన ఫ్లాపులో పొరపాటున ఒక చిన్న రెంచీ మిగిలిపోయిందంటే, అంత ఎత్తున అది దొర్లిపోయి ఎక్కడ అడ్డం పడుతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే పనిముట్ల దగ్గర అంత పట్టింపు. టూల్ రూమ్ గోడకు నల్ల స్పాంజి బోర్డు, దాంట్లో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే ఒక గుంట, గుంట పక్కన ఒక మేకు. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు. బిళ్ళ ఇస్తే పద్మలత పనిముట్టు ఇస్తుంది, బిళ్ళను మేకుకు తగిలిస్తుంది. పనిముట్టు తిరిగొస్తేనే బిళ్ళ తిరిగి చేతికి. సాయంత్రం మేకు మీద ఒక్క బిళ్ళ మిగిలినా ఎవరూ గేటు దాటరు, పెట్టె కదలదు. అన్నీ గుంటల్లో ఉన్నాయని చూసుకుని ఆమె తన చేత్తో పెట్టెకు పచ్చ ట్యాగు కడితేనే బండి బయల్దేరుతుంది.

పోయిన వానాకాలం ఒక ఎలెన్ కీ కనిపించకుండా పోయింది. వేలెడంత ఉంటుంది, కొస వంగిన ఇనుప పుల్ల. దానికోసం షిఫ్టు మొత్తాన్ని పొద్దుగూకేదాకా ఆపేశారు. ఆడవాళ్ళను వెతికే పని పద్మలత నెత్తిన పడింది. టిఫిన్ డబ్బాలు తెరిపించింది, కొంగులు దులిపించింది, చివరికి జయమ్మ కొప్పు కూడా విప్పించింది. జయమ్మ అత్వెల్లి మనిషి. పార్టుల అంచులను ఆకురాయితో రాకి, చేత్తో నిమిరినా గుచ్చుకోనంత నున్నగా చేసే పని ఆమెది. ఆ సాయంత్రమే ఇంట్లో మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు. పిల్ల ఏడుపు ఫోన్లో విన్నదే తప్ప చూసే యోగం లేకపోయింది పాపం. అయినా జుట్టు విరబోసుకుని నిలబడి కూడా పద్మలతను ఒక్క మాట అనలేదు.

"గా ఇమానంల ఎవల పిల్లలు కూసుంటరో ఏమో బిడ్డా. దొరకనీ, దొరికినంకనే పోదాం" అన్నది.

కీ చివరికి ఒక మిషన్ కింద పొట్టులో దొరికింది. కానీ జయమ్మ మాట మాత్రం పద్మలత మనసులో అలాగే నాటుకుపోయింది. అప్పటిదాకా ఆమెకు అది కంపెనీ రూలు. ఆ తర్వాత నుంచి ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టడం ఎలాగో ఇదీ అలాగే అయిపోయింది.

ఇలా ఉండగా విమానాల ఆర్డర్లు తగ్గాయని, మనుషులను తగ్గిస్తారని గుసగుసలు మొదలయ్యాయి. మేనేజరు శ్రీకాంత్‌ని అడిగితే "అలాంటిదేం లేదు, పుకార్లు నమ్మకండి" అని నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది, అదే దాంట్లో ఉన్న చిక్కు. యూనియన్ కార్యదర్శి బాలరాజు మాత్రం నమ్మలేదు. ఫ్లాపులు బిగించే ఫిట్టరు అతను, రావల్కోల్ వాడు. హైవే పక్క చాయ్ హోటల్ వెనక అందర్నీ కూర్చోబెట్టి తన ఉపాయం చెప్పాడు.

"ఒక్కల మీద చెయ్యేసినా సరే, ఆ దినం ఎవ్వలం పనిముట్టు వాపస్ ఇయ్యం. కొట్లాడుడు లేదు, రాళ్ళేసుడు లేదు. బిళ్ళలు మేకులకే ఉంటయి. వాళ్ళ రూలే వాళ్ళను పట్టుకుంటది. బండి పోనీకి రాదు. సార్లు వచ్చి మన ముంగట కూసొని మాట్లాడాల్సిందే."

"అప్పుడు గూడ కేకేసేది మా పద్మనేనా?" అని జయమ్మ అడిగితే అందరూ పగలబడి నవ్వారు.

"నేనే ఏస్త పెద్దమ్మా. షామీర్‌పేట చెరువు దాక ఇనపడేటట్టు ఏస్త" అన్నది పద్మలత. ఆ చెరువులోనే యాదయ్య చేపలు పడతాడు. నీళ్ళున్న ఏడు అతని సంపాదన, లేని ఏడు ఈమె సంపాదన, అలా నడుస్తోంది సంసారం. ఉద్యోగం పోతుందంటే భయం ఆమెకూ ఉంది. కానీ ఆ రోజు వాళ్ళ మధ్య కూర్చుని నవ్వుతుంటే ఆ భయం ఎటో పోయింది.

అదే సభలో మేనేజరుకు ఇవ్వాల్సిన కోరికలు కాయితం మీద రాసుకున్నారు. పద్మలత కోరింది ఒక్కటే. బిళ్ళల మీద నంబర్లు ఎందుకు, జైల్లో ఉన్నట్టు, పేర్లు కొట్టించండి అని. బాలరాజు నవ్వుతూనే అది కూడా చివర్లో రాశాడు.

శనివారం సాయంత్రం షిఫ్టు అయిపోయే వేళకు శ్రీకాంత్ స్వయంగా టూల్ రూమ్ కిటికీ దగ్గరకు వచ్చాడు. మేనేజరు కిటికీ దగ్గరకు రావడమంటే మాటలా! పద్మలత లేచి నిలబడింది.

"పద్మలత గారూ, మీ కోరిక తీరుస్తున్నాం. బిళ్ళలన్నీ పోగుచేసి నాకివ్వండి. సోమవారానికల్లా అందరి పేర్లు చెక్కించి తెప్పిస్తాను. యూనియన్ వాళ్ళకూ చెప్పండి, మేమేం శత్రువులం కాదని."

పద్మలత సంతోషం ఇంతా అంతా కాదు. మిఠాయి డబ్బా ఒకటి ఖాళీ చేసి చేతపట్టుకుని షెడ్డంతా తిరిగింది. ఇచ్చినవాళ్ళు ఇచ్చారు, తటపటాయించిన వాళ్ళను బుజ్జగించింది, ఒకరిద్దరిని కసిరింది కూడా. పనిముట్లన్నీ అప్పటికే గుంటల్లోకి చేరాయి కాబట్టి బిళ్ళలన్నీ జేబుల్లోనే ఉన్నాయి. బాలరాజు మాత్రం తన బిళ్ళలు గుప్పిట్లో పట్టుకుని ఆగాడు.

"ఇయ్యాల్నే ఎందుకక్కా? కొత్తయి వచ్చినంక పాతయి ఇస్తే అయిపోదా?"

"ఏం మనిషివయ్యా నువ్వు! నువ్వే రాస్తివి కాయితం మీద. ఇయ్యకుంటే కొట్లాడుతవ్, ఇస్తే అనుమానపడ్తవ్. తే ఇటు."

అక్క మాట కాదనలేక అతను డబ్బాలో వేశాడు. జయమ్మ నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలోంచి ఒక్కొక్కటే తీసి ఇచ్చింది.

"జయమ్మ అని నిండుగ కొట్టియ్యి బిడ్డా. జయ అని సగంల తెంపకు."

"నిండుగనే కొట్టిస్త పెద్దమ్మా" అన్నది పద్మలత. డబ్బా బరువుగా ఉంది, మోసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టింది.

సోమవారం పొద్దున్న కంపెనీ బస్సు షామీర్‌పేటలో పద్మలతను, అత్వెల్లిలో జయమ్మను ఎప్పటిలాగే ఎక్కించుకుంది. గేటు దగ్గర దిగేసరికి కొత్త మొహాలు, కొత్త లాఠీలు. ఎప్పుడూ ఉండే గార్డు మనోరమ ఒక్కతే తెలిసిన మనిషి, ఆమె కూడా తలెత్తి చూడటం లేదు. బాలరాజు ముందు నిలబడి కార్డు పెట్టాడు. ఎర్రలైటు. మిషన్ పాడైందనుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్రదే. వెనకవాడికీ ఎర్ర, వాడి వెనక ఆమెకూ ఎర్ర. మధ్యమధ్య ఎవరికో పచ్చ వెలుగుతోంది. పద్మలత కార్డుకు పచ్చ వెలిగింది, ఇనుప కడ్డీ తిరిగింది, వెనకనుంచి తోసుకొచ్చిన జనంతో పాటు ఆమె లోపలికి వచ్చి పడింది. వెనక్కి తిరిగి చూస్తే జయమ్మ కడ్డీల అవతల నిలబడి తన కార్డును కొంగుతో తుడుస్తోంది. తుడిచి పెట్టింది. ఎర్ర. ఇటు తిప్పి పెట్టింది. ఎర్ర.

అప్పుడే కడ్డీల అవతల ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఒకరి తర్వాత ఒకరివి కాదు, అన్నీ కలిసి.

జయమ్మకు చదువు రాదు. కడ్డీల సందులోంచి ఫోను ఇటు అందించింది. "ఏమొచ్చిందే? జర సదువు."

పద్మలత చదివింది. తనలో తనే చదువుకుంది. "సదువు బిడ్డా" అని జయమ్మ మళ్ళీ అడిగితే, చివరికి వినపడీ వినపడనట్టు చదివింది. "మీ సేవలు నేటితో ముగిసినవి."

"ముగిసినయా?" జయమ్మ మొహంలో కోపం లేదు, ఏడుపు లేదు. చెంపదెబ్బ తిన్న పసిపిల్ల ఎందుకు కొట్టారో తెలియక చూసినట్టు చూసింది. "శనారం గూడ చేసిన గదనే పని. మంచిగనే చేసిన గద."

బాలరాజు గట్టిగా అరిచాడు. "ఎవ్వలు పోవద్దు! అందరం లోపలికే పోదాం, పనిముట్లు పట్టుకొని కూసుందాం..." అంటూనే మధ్యలో ఆగిపోయాడు. చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్ళింది. జేబు ఖాళీ. అతను తలెత్తి పద్మలతను చూశాడు.

"బిళ్ళలక్కా" అన్నాడు. అంతే అన్నాడు.

పద్మలత ఒక్కొక్కరి దగ్గరా తనే చెయ్యి చాపి అడిగింది. తనే కసిరింది. తనే మోసుకెళ్ళి ఆ మనిషి బల్ల మీద పెట్టింది. గుంపులోంచి ఎవరిదో ఆడగొంతు వినిపించింది. "ఆమెకు పచ్చలైటు ఎందుకు రాదే? వస్తది, మస్తుగ వస్తది." పద్మలత మళ్ళీ కడ్డీల వైపు తిరిగింది. గార్డులు ఆమెను లోపలికి నడిపించారు.

షెడ్డులో సగం లైట్లు వేయలేదు. టూల్ రూమ్ బోర్డు నిండుగా ఉంది. ఒక్క గుంటా ఖాళీ లేదు, ఒక్క మేకు మీదా బిళ్ళ లేదు. ఎప్పుడూ సాయంత్రం పూట అలా చూస్తే కడుపు నిండినట్టుండేది ఆమెకు. ఇప్పుడు దానికి వీపు తిప్పి నిలబడింది.

శ్రీకాంత్ వచ్చాడు. శనివారం నాటి నవ్వే. "పద్మలత గారూ, ఆ ఫ్లాపుల పెట్టె మధ్యాహ్నం లోపు వెళ్ళిపోవాలి. మిగిలిన నాలుగు బోల్టులు సూపర్‌వైజర్లే ఇప్పుడు బిగించి మూసేశారు, పనిముట్లు గుంటల్లో పెట్టేశారు. అన్నీ ఉన్నాయి కదా, ట్యాగు కట్టేయండి."

"సార్, బిళ్ళలు చెక్కనీకి ఇచ్చిండ్రా?"

"ఏ బిళ్ళలు?" అన్నాడతను.

వెక్కిరించడానికి అన్నది కాదు. నిజంగానే గుర్తులేదు. తమకు చెప్పిన అబద్ధాన్ని గుర్తుపెట్టుకునే పాటి కూడా తామెవరూ అతని కంటికి చేయలేదు. శనివారం నుంచి ఆమె ఊహించుకున్న పేర్లు, జయమ్మ అన్న నిండు పేరుతో సహా, ఆ మనిషి బుర్రలో ఒక్క నిమిషం కూడా లేవు. "పది నిమిషాల్లో వస్తా" అని అతను వెళ్ళిపోయాడు.

ఆమె తాళాలగుత్తి తీసింది. దానికి ఒక బిళ్ళ వేలాడుతోంది, టూల్ రూమ్ వాళ్ళకూ ఇస్తారు కదా ఒకటి, అది. ఆమెకు దాంతో ఎప్పుడూ పని పడలేదు, శనివారం అందరివీ అడిగి తనది డబ్బాలో వేయడం మరిచిపోయింది. గుత్తిలోంచి దాన్ని విడదీసి ఎలెన్ కీ మేకుకు తగిలించింది. పోయిన వానాకాలం పోయి దొరికిన కీయే అది. తీసి జాకెట్టులో దోపుకుంది. ఇక తన ఉద్యోగం గతి ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. అయినా బాలరాజు ఉపాయాన్ని పాడుచేసింది తనే కాబట్టి, ఒక్క బిళ్ళతోనైనా నిలబెట్టాల్సింది కూడా తనే అనుకుంది.

శ్రీకాంత్ తిరిగొచ్చి మేకు మీది బిళ్ళను చూశాడు. "ఇదేంటి?"

"ఫ్లాపు కాడ బోల్టు సూడనీకి పొద్దుగాల నేనే తీసుకపోయిన సార్. ఎక్కడ పెట్టిన్నో యాదికొస్తలేదు." ఈ షెడ్డులో నోటితో అనడానికి ఎవరైనా భయపడే మాట అది. "మూయంగ లోపల్నే పడ్డదో ఏమో. పెట్టె ఇప్పి సూడాలె. బండి పోవద్దు."

ఇక అతను బండి ఆపుతాడు. ఆపక తప్పదు. ఆపితే గేటు బయట బాలరాజుతో మాట్లాడతాడు. అప్పుడు కీ తీసి ఇచ్చేయాలి, అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. ఇదీ ఆమె లెక్క.

శ్రీకాంత్ ఫోను చూసుకున్నాడు. గడియారం చూసుకున్నాడు. చెయ్యి చాపి మేకు మీంచి బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. బల్ల మీది పచ్చ ట్యాగు అందుకుని పెట్టె దగ్గరకు నడిచి, చకచకా తనే కట్టేశాడు.

పద్మలత టూల్ రూమ్ వదిలి బయటికొచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్ళింది. "సార్! అండ్ల పడి ఉంటే?"

"ఉండదులే."

"ఉంటే సార్? ఇమానం సార్ గది!"

"ఉంటే అక్కడ వాళ్ళు చూసుకుంటారు. వెళ్ళండి, పని చూసుకోండి" అన్నాడతను. చాయ్‌లో చక్కెర తక్కువైందంటే చెప్పినట్టు చెప్పాడు.

కీ ఆమె గుండెకు ఒత్తుకుంటోంది. ఎక్కడుందో ఆమెకు తెలుసు. అతనికి తెలియదు. తెలియకుండానే కట్టాడు. మనవరాలి చెవుల పండుగ మానేసి జుట్టు విరబోసుకుని నిలబడిన మనిషి, పొద్దుగూకేదాకా ఆకలితో నిలబడిన షిఫ్టు, కాఫీ కప్పుతో కొయ్యబారిన తెల్లదొర, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఇన్నేళ్ళూ ఆ రూలు విమానం కోసమనుకుంది పిచ్చిది. అది కేవలం తమలాంటి వాళ్ళను కట్టిపడేయడానికట.

చెప్పులేసుకుని గేటు వైపు నడిచింది. ఎవరూ ఆపలేదు. మనోరమ ఆమె ఒంటిమీద ఇనుము జాడ పట్టే కర్ర మిషన్ తిప్పగానే అది కుయ్యిమంది. మనోరమ మొహం పాలిపోయింది.

"గిదేందక్కా?"

"ఎలెన్ కీ. ఏ పనిముట్టు బయట లేదని మీ సారు ఇప్పుడే ట్యాగు కట్టిండు. మరి ఇది ఉన్నట్టా లేనట్టా, నువ్వే చెప్పు."

వెనకాలే ఫ్లాపుల పెట్టెతో లారీ వచ్చి గేటు ముందు ఆగింది. మనోరమ పెట్టెకు వేలాడుతున్న పచ్చ ట్యాగును చూసింది, పద్మలత అరచేతిలో కీని చూసింది. నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ తర్వాత పద్మలత వేళ్ళను తనే మూసి గుప్పిట చేసి, బయటికి దారి వదిలింది.

బయట అందరూ దుమ్ములోనే కూర్చుని ఉన్నారు. జెండా కూడా లేదు. ఆమెను చూసి కొందరు మొహం తిప్పుకున్నారు. పద్మలత బాలరాజు ముందు మోకాళ్ళ మీద కూలబడి గుప్పిట తెరిచింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. వెనక కూర్చున్నవాళ్ళు కూడా వినడానికి దగ్గరకు జరిగారు.

బాలరాజు కళ్ళు ఒక్క క్షణం మెరిశాయి. వెంటనే ఆరిపోయాయి. "ఇది కొనేటోళ్ళకు తెలిస్తే ఆర్డరే క్యాన్సిల్ అయితది అక్కా. కంపెనీకే తాళం పడ్తది. లోపలున్నోళ్ళ నౌకరి గూడ పోతది. నీది గూడ."

"నాది అయిపోయింది తమ్మీ. దీంతోని గేటు దాటిన గద."

జయమ్మ చెయ్యి చాపి కీ తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. మరో చెయ్యి మెల్లగా తల వెనక్కి, కొప్పు మీదికి వెళ్ళింది.

"గీ పుల్లకే గదనే నా కొప్పు ఇప్పించిండ్రు" అన్నది. గొంతులో నిష్ఠూరం లేదు, నమ్మలేకపోవడం తప్ప. "అండ్ల ఉండొచ్చని తెల్సి గూడ తోలిండా?"

"తోలిండు పెద్దమ్మా."

గేటు తెరుచుకుంది. లారీ ముక్కు బయటికి వచ్చింది. కొత్త గార్డులు లాఠీలు అడ్డం పెట్టి జనాన్ని పక్కకు తోస్తున్నారు. బాలరాజు ఏం చేద్దామన్నట్టు పద్మలత వైపు చూశాడు. ఏం చేయాలో ఆమెకూ తెలియదు. తెలిసిందల్లా ఇన్నేళ్ళుగా తెలిసిందే. లేచి వెళ్ళి లారీకి ఎదురుగా నిలబడి, కిటికీలోంచి తల బయటపెట్టినప్పటి గొంతుతో, కడుపులోంచి కేక వేసింది.

"పనిముట్టు తక్కువున్నది! ఎవ్వరు కదలొద్దు!"

డ్రైవరు చెయ్యి దానంతటదే వెళ్ళి ఇంజన్ ఆపేసింది. మనోరమ గేటు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగింది. ఎర్రలైటు వాళ్ళు, లోపలి పచ్చలైటు వాళ్ళు, ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు. ఆఫీసు మెట్లు దిగి పరిగెత్తుకొస్తున్న శ్రీకాంత్ కూడా సగం దారిలో, ఒక కాలు ముందుకేసి, ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో అతనికే తెలియనట్టుంది.

ఆ నిశ్శబ్దంలో జయమ్మ ఒక్కతే వంగింది. అలవాటు కొద్దీ, చుట్టూ నేల మీద కళ్ళు చిట్లించి వెతకడం మొదలుపెట్టింది. కీ ఆమె గుప్పిట్లోనే ఉంది.